మాత్రలు మానేసి బియ్యం నములుతున్న అమ్మాయికి

ప్రశ్న: మాది గాజువాక. నా వయసు 26. ఇది మొదటి కాన్పు, ఐదో నెల నిండింది. మావారిది ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. టిఫా స్కాన్ బాగానే ఉందన్నారు. రక్తం 8.6 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, విరేచనం నల్లగా వస్తోంది, అందుకని మూడు వారాల నుంచి మానేశాను. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని, లోపల బాగా పెరిగిపోయి ఆపరేషన్ అవుతుందని అత్తయ్య అంటున్నారు. ఈమధ్య తెల్లబట్ట ఎక్కువైంది, దురద కూడా ఉంది. చెకప్‌కి అత్తయ్య తోడు వస్తారు, ఆవిడ ముందు డాక్టరమ్మకు చెప్పలేకపోయాను. నాన్నకు షుగర్ ఉంది, నాకింకా షుగర్ టెస్ట్ చేయలేదు. ఏడో నెలలో సీమంతం చేసి పార్వతీపురం దగ్గర మా ఊరు తీసుకెళ్తానంటోంది అమ్మ. ప్రయాణం చేయొచ్చా? నార్మల్ అవ్వాలంటే ఏం చేయాలి? బొప్పాయి, చేపలు తినొచ్చా? స్కూటీ నడపొచ్చా? మరొకటి, ఎందుకో పచ్చి బియ్యం తినాలనిపించి రోజూ గుప్పెడు నములుతున్నా, పర్వాలేదా?

సమాధానం: అమ్మా, నువ్వు చివర్లో "మరొకటి" అంటూ అడిగావే, ఆ పచ్చి బియ్యం దగ్గరే నేను ఆగిపోయాను. బొప్పాయికి, స్కూటీకి ఉన్నంత విలువ కూడా దానికి ఇవ్వలేదు నువ్వు, కానీ ఉత్తరం మొత్తంలో నీ ఒంట్లో ఏం జరుగుతోందో బయటపెట్టింది ఆ మాటే. పచ్చి బియ్యం, బలపాలు, గోడ సున్నం, విభూది, మట్టి, కొందరికైతే ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు, ఇలాంటివి తినాలని కడుపుతో ఉన్నవాళ్లకు నాలుక లాగుతుంటే మన ఇళ్లలో వేవిళ్ల కోరికలని నవ్వేసి ఊరుకుంటారు. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము అడుగంటిందన్న గుర్తు. ఎందుకలా లాగుతుందో వైద్యులకే పూర్తిగా తేలలేదు గానీ, ఇనుము భర్తీ అయితే ఆ యావ తగ్గిపోవడం మాత్రం చూస్తూనే ఉంటాం. కాబట్టి బియ్యం డబ్బా దాచుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు, డాక్టరమ్మకు చెప్పు. నమిలినందువల్ల బిడ్డకేమీ కాదు, కాకపోతే ఆ పిండితో కడుపు నిండి అన్నం తగ్గుతుంది, మట్టో సున్నమో అయితే పురుగులు, విషాలు కూడా లోపలికెళ్తాయి.

ఇక 8.6 గురించి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 10 నుంచి 10.9 వరకు ఉంటే కొద్దిపాటి రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే కిందకు జారితే తీవ్రం అంటారు. నువ్వు మధ్యలో ఉన్నావు, అదీ మాత్రలు మానక ముందు తీసిన లెక్క, ఈ మూడు వారాల్లో ఇంకా దిగి ఉండొచ్చు. "కడుపుతో ఉంటే అందరికీ రక్తం పల్చబడుతుంది, మామూలే" అని పక్కింటావిడ చెప్పే ఉంటుంది. అందులో సగం నిజం. నెలలు గడిచేకొద్దీ ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది, అందులో నీటి భాగం ఎక్కువ పెరిగి ఎర్రకణాలు తక్కువ పెరుగుతాయి, అనుకోకుండా చుట్టాలొస్తే పప్పుచారులో నీళ్లు కలిపినట్టన్నమాట. అందుకే 12, 13 ఉన్న అమ్మాయికి 11కి రావడం సహజం. 8.6కి రావడానికి మాత్రం నీళ్లు కలవడం ఒక్కటే చాలదు, అసలు నిల్వలే లేవు. ఒక గర్భానికి మొత్తం మీద ఇంచుమించు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అందులో పెద్ద వాటా ఇక ముందు నెలల్లోనే ఖర్చవుతుంది. పెళ్లికి ముందు నెలసరి ఎక్కువ రోజులు, గడ్డలు గడ్డలుగా పోయేదా? నువ్వు రాయలేదు. అలాంటి ఆడపిల్లలు ఖాళీ ఖజానాతోనే గర్భంలోకి అడుగుపెడతారు, అది మన రాష్ట్రంలో చాలా మామూలు విషయం. మామూలైనంత మాత్రాన వదిలేసేది కాదు.

రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం అనుకుంటారు అందరూ. నాకు అసలు భయం కాన్పు గదిలో. మామూలు కాన్పులో అర లీటరు దాకా, ఆపరేషన్‌లో లీటరు దాకా రక్తం పోవడాన్ని మామూలు హద్దుగానే చూస్తారు. 12 ఉన్న తల్లి ఆ మాత్రం పోయినా లేచి కూర్చుంటుంది. 8 ఉన్న తల్లికి అదే రక్తం పోతే కళ్లు తిరిగి పడిపోతుంది, బీపీ దిగిపోతుంది, అప్పుడు రాత్రి రెండింటికి మీ ఆయన బ్లడ్ బ్యాంకుల చుట్టూ పరుగెడుతుంటాడు. బిడ్డ వైపు చూసినా, నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండడం రక్తహీనత ఉన్న తల్లులకే ఎక్కువ. మీ అత్తగారు బిడ్డ పెరిగిపోతుందని భయపడుతున్నారు కదా, జరిగే ప్రమాదం అందుకు సరిగ్గా తిరగేసి ఉంది.

రంగు సంగతి ఒక్కసారి తేల్చేద్దాం. పుట్టే బిడ్డ రంగు మీ ఇద్దరి నుంచి, మీ అమ్మానాన్నల నుంచి, అత్తమామల నుంచి వచ్చేది, ఐరన్ మాత్ర దాన్ని నలుపూ చేయదు, కుంకుమపువ్వు పాలు తెలుపూ చేయవు. విరేచనం నల్లగా రావడానికి కారణం ఒంటికి పట్టని ఇనుము అలాగే బయటికి పోవడం, అంతే. ఆ నలుపు చూసే ఆవిడ బిడ్డ రంగు ఊహించుకున్నారేమో. మా నర్సమ్మలైతే ఎవరైనా మాత్రలు వేసుకుంటున్నానని చెబితే "విరేచనం ఏ రంగులో ఉంది?" అని అడిగి నిజం పట్టేస్తారు. అయినా బిడ్డ చామనచాయగా పుడితే కొంపేం మునిగింది, మనందరం ఏ రంగులో ఉన్నామని! ఈ మాట అత్తగారితో నువ్వు అనకు, నేనన్నానని మీ ఆయన చేత చెప్పించు.

కడుపులో తిప్పడం మాత్రం నిజమైన బాధ, దాన్ని తోసేయను. పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకుంటే బాగా పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది, వేసుకున్న గంటకు వాంతి అయ్యేదానికి ఆ పుస్తకం ఎందుకు? రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు, పడుకునే ముందు, నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుని చూడు, నిద్రలో ఆ తిప్పుడు తెలియదు. నిమ్మ, జామ, ఉసిరి లాంటివాటితో ఇనుము బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీ, పాలతో అస్సలు వద్దు, వాటికీ మాత్రకూ గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర కూడా అంతే. రెండూ ఒకేసారి మింగితే ఇనుము పట్టదు. చాలామంది మర్చిపోకుండా ఉండాలని రెండింటినీ కలిపి గుటుక్కున వేసేసుకుంటారు, నెలల తరబడి వాడినా రక్తం పెరగలేదని ఓపీకి వచ్చేవాళ్లలో వీళ్లు తప్పకుండా ఉంటారు. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వేసుకో, ఐరన్ రాత్రికి. మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు, అప్పటికీ కుదరకపోతే ఇసబ్గోల్. అయినా పడకపోతే మాత్రలో ఇనుము వేరే రూపంలో ఉన్న రకాలున్నాయి, డాక్టరమ్మ మారుస్తుంది. మారుస్తుందని తెలియాలంటే నువ్వు మానేసిన సంగతి ఆవిడకు తెలియాలి కదమ్మా! ఆవిడ నువ్వు వేసుకుంటున్నావనే అనుకుంటూ ఉంది.

ఏఎన్ఎం ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం బాగున్న గర్భిణికి రోజుకొకటి, నీలా 7 నుంచి 10.9 మధ్య ఉన్నవాళ్లకు రోజుకు రెండు, ఇదీ ప్రభుత్వ పద్ధతి. నీకు రాసినది ఏదైనా దాన్నే మళ్లీ మొదలుపెట్టి ఈ వారంలో వెళ్లి చూపించుకో. దానితోపాటు మూడు నెలలు దాటాక ఒకసారి వేసే నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్, వేశారో లేదో అడుగు. క్రమంగా వేసుకుంటే నెలకు ఒక గ్రాము పెరగాలి, ఆ లెక్కన ఎనిమిదో నెల మధ్యకల్లా నువ్వు 11 దగ్గరికి రావచ్చు. ఇంకో రెండు నెలలు మానేసి కూర్చుంటే ఆ వ్యవధి ఉండదు. నెల వాడినా గ్రాము కూడా పెరగలేదంటే, లేదా ఏ మాత్రా నీకు పడదంటే, అప్పుడు ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. అది విని హడలిపోతారు, రక్తం ఎక్కిస్తారేమో అని. రక్తం వేరు, ఇది వేరు. ఇది ఇనుము మందే, ఒకటి రెండు సార్లలో అయిపోతుంది, అరుదుగా రియాక్షన్ రావచ్చు కాబట్టి ఎక్కించాక అరగంట కూర్చోబెట్టి చూసే ఆసుపత్రిలోనే చేయించుకోవాలి, వీధి చివర ఆర్ఎంపీ దగ్గర వద్దు.

ఇంకో మాట. మీ ఊరు పార్వతీపురం వైపు అన్నావు. ఆ ఏజెన్సీ పల్లెల్లో, అరకు, పాడేరు వైపు కూడా, సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. తలసేమియా అనే అలాంటిదే ఇంకో జబ్బుకు వాహకులైతే, అంటే పిల్లలకు అందించగలిగినవాళ్లు, ఏ కులంలో, ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్లకు బయటికి ఏ జబ్బూ కనిపించదు, రక్తం మాత్రం ఎప్పుడూ కొంచెం తక్కువే. నీ సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు తీసి ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు చెప్పే అంకె, బాగా తక్కువ ఉందేమో డాక్టరమ్మను చూడమను, అవసరమనుకుంటే హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్ష ఒకటి రాస్తారు. నీకు అలాంటిది ఉందని తేలితే మీ ఆయనకూ చేయాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది నెమ్మదిగా చూద్దామనుకునే పరీక్ష కాదు, బిడ్డకు తీవ్రమైన జబ్బు తేలితే గర్భం ఉంచుకోవాలా తీయించుకోవాలా అని ఆలోచించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువులు వారాల్లో లెక్క, 2021లో సవరించాక కూడా 20 వారాలు దాటాక ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం, 24 దాటితే మెడికల్ బోర్డు. నీకు ఉందని అనడం లేదు, ఉండకపోయే అవకాశమే ఎక్కువ. చూసి కొట్టేసుకోవాలని మాత్రమే చెబుతున్నా.

తెల్లబట్ట. దీనికి సిగ్గుపడి నోరు మూసుకునే ఆడవాళ్లను చూస్తే నాకు వాళ్లమీద కోపం రాదు, పరీక్ష గదిలోకి అత్తగారిని కూడా కూర్చోబెట్టే పద్ధతి మీద వస్తుంది. ఈసారి లోపలికి వెళ్లేటప్పుడు "ఒక్క నిమిషం మీతో ఒంటరిగా మాట్లాడాలి మేడం" అను, ఏ డాక్టరైనా మిగతావాళ్లను బయటికి పంపుతుంది. గర్భంలో తెల్లబట్ట కొంచెం ఎక్కువవడం సహజం, పల్చగా, తెల్లగా, వాసన లేకుండా ఉంటే దానికి మందే అక్కర్లేదు. నీకు దురద ఉంది. పెరుగు విరిగినట్టు ముద్దముద్దగా వస్తూ దురద ఉంటే అది ఫంగస్, కడుపుతో ఉన్నప్పుడు తరచూ వస్తుంది, మన వైజాగ్ ఉక్కపోతలో, చెమటలో మరీనూ. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలతో తగ్గుతుంది, అవి గర్భంలో వాడుకోదగినవే, కాకపోతే రాసిచ్చాకే. మెడికల్ షాపుకెళ్లి దురదకు మాత్ర ఇవ్వమంటే ఫ్లుకనజోల్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, అది నువ్వు సొంతంగా మింగకూడదు. చేపల కంపులా వాసన ఉన్నా, ఆకుపచ్చగా నురగగా ఉన్నా అవి వేరే ఇన్ఫెక్షన్లు, కొన్నిటికి మీ ఆయన కూడా మందు వాడాలి. లోపల డెట్టాల్‌తో, టీవీ ప్రకటనల్లో చూపే లిక్విడ్‌లతో కడగొద్దు, మామూలు నీళ్లు చాలు. కాటన్ లోదుస్తులు, అవీ ఎండలో ఆరేయి, చీర కింద చాటుగా ఆరేసి తడి ఆరకుండానే వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఎంతమందికుందో నాకు తెలుసు. మూత్రం పోసేటప్పుడు మంట ఉంటే అదీ చెప్పు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. నీళ్లలా ఉన్నట్టుండి కారి బట్టలు తడిస్తే మాత్రం తెల్లబట్ట అనుకుని కూర్చోకు, ఉమ్మనీరు కావచ్చు, ఏ నెలైనా సరే వెంటనే ఆసుపత్రికి.

దురదకూ షుగర్‌కూ చుట్టరికం ఉంది కాబట్టి, పైగా నాన్నకు ఉంది కాబట్టి, షుగర్ పరీక్ష ఇంక ఆలస్యం చేయొద్దు. అసలు మొదటి చెకప్‌లోనే ఒకసారి చేయాలి, తర్వాత 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ. పరగడుపున రానక్కర్లేదు, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇస్తారు, తాగిన రెండు గంటలకు రక్తం తీస్తారు, 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భంలో వచ్చే షుగర్ అని లెక్క. ఆ నీళ్లు తియ్యగా వికారంగా ఉంటాయి, తాగిన అరగంటలోపే వాంతి చేసుకుంటే మర్నాడు మళ్లీ. ఉన్నా కూడా చాలామందికి తిండి సరిచేసుకుని నడిస్తే అదుపులోకి వస్తుంది. మీ అత్తగారు భయపడే "బిడ్డ బాగా పెరిగిపోవడం" నిజంగా జరిగేది ఇందులోనే, పట్టించుకోని షుగర్‌లో.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను. పండిన బొప్పాయి నాలుగు ముక్కలు తింటే ఏమీ కాదు, పచ్చికాయలో పాలు ఉంటాయి, అది వద్దు. చేపలు తిను, సముద్రం ఒడ్డున ఉండి చేప మానేయడం ఏమిటి? నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న చేపలే నీకు మంచివి, చవక కూడా. సొర, కొమ్ముకోనాం లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పేరుకుని ఉంటుంది, ఈ నెలల్లో వాటి జోలికెళ్లకు. బాలింతకు పాలు పడతాయని సొర వండిపెడతారు మన వైపు, అప్పుడు కూడా బదులుగా చిన్న చేపలే అడుగు. చోడి (రాగి) అంబలి, మునగాకు, తోటకూర, పప్పులు, రోజుకో గుడ్డు, ఇవన్నీ కావాలి, అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే గుడ్లు, పాలు వాళ్లూ ఇస్తారు. కానీ తిండితోనే 8.6ని 11 చేసేద్దామని, బీట్‌రూట్ రసంతో, దానిమ్మతో, ఖర్జూరంతో అయిపోతుందని ఎవరు చెప్పినా నమ్మకు. రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. అవి తింటే తిను, మాత్రకు బదులు మాత్రం కాదు.

ప్రయాణం, పురుడు. ఏడో నెలలో గాజువాక నుంచి పార్వతీపురం వెళ్లడం తప్పేమీ కాదు, బస్సుకన్నా రైలు నయం, లేచి నాలుగడుగులు వేయొచ్చు, బాత్రూమ్ ఉంటుంది. నా సందేహం ప్రయాణం మీద కాదు, దిగాక ఏమిటనే దాని మీద. మీ ఊరి నుంచి రక్తం దొరికే ఆసుపత్రి ఎంత దూరం? అక్కడ రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా? ఇప్పుడున్న రక్తంతో నువ్వు వెళ్తానంటే నేను ఒప్పుకోను. ఎనిమిదో నెలకు 10.5 దాటి, బీపీ, షుగర్ బాగుంటే, అక్కడి ఆసుపత్రిని ముందే చూసి పేరు రాయించుకుంటే అప్పుడు ఆలోచించవచ్చు. తొలిచూలు పుట్టింట్లో అన్నది నాకూ తెలుసు, కానీ దాని వెనకున్న అవసరం అమ్మ పక్కన ఉండడమే కదా, ఆవిడనే నెలన్నర మీ ఇంటికి రమ్మనరాదూ? ఇరుకైతే ఇరుకు. సీమంతం ఎక్కడైనా చేసుకోండి, గాజులు ఎక్కడ తొడిగినా గాజులే. ఎక్కడికెళ్లినా తల్లీబిడ్డ కార్డు, రిపోర్టులు, స్కాన్‌లు ఒకే సంచిలో నీతోనే ఉండాలి.

ఇక్కడే కాన్పు అంటే డబ్బు గురించి దిగులు పడుతున్నావేమో, నువ్వు రాయలేదు గానీ. మీ ఆయన జీతంలో ఈఎస్ఐ కోత ఉంటే భార్యగా నీకూ అందులో వైద్యం ఉంటుంది, మల్కాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి మీకు దగ్గరే. లేకపోతే కేజీహెచ్ ఉంది, వన్‌టౌన్ వైపు ఘోషా ఆసుపత్రి ఉంది, ఆడవాళ్ల కోసమే కట్టిన పాత ఆసుపత్రి, ఎన్ని తరాల వైజాగ్ పిల్లలు అక్కడ పుట్టారో. జనం ఎక్కువ, క్యూలు ఎక్కువ, మాట కరుకు కూడా అప్పుడప్పుడు తగులుతుంది, అయినా రక్తం తక్కువున్న గర్భిణిని ఇలాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించడమే నాకిష్టం. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, పరీక్షలు, రక్తం, తిండి అన్నీ ఉచితం, 2011 నుంచి ఉన్న పథకం అది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టర్లు చూస్తారు, నీకిప్పుడు ఐదో నెల నిండింది కాబట్టి వచ్చే 9న వెళ్లొచ్చు. తొలి కాన్పుకు కేంద్రం ఇచ్చే ఐదు వేల రూపాయలకు పేరు రాయించారో లేదో అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడుగు.

నార్మల్ అవ్వాలంటే ఏం చేయాలన్నావు. కొంత మన చేతిలో ఉంటుంది, కొంత ఉండదు, మాయ కిందకు ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, నొప్పుల్లో గుండె చప్పుడు తగ్గినా ఆపరేషనే దిక్కు, దానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. కానీ అవసరం లేనివీ చాలా జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో వందకు 42 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. అందులో కొంత తప్పు మనదే, ముహూర్తం పెట్టించుకుని 37వ వారంలో కోయించుకునేవాళ్లు ఈ ఊళ్లో తక్కువ కాదు, 39 నిండకుండా కారణం లేకుండా తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువని తెలిసీ. నువ్వు చేయగలిగింది నడవడం, ఇంటి పని మామూలుగా చేసుకోవడం, మొత్తం మీద పది పన్నెండు కిలోలు పెరగడం, రక్తం, షుగర్, బీపీ సరిగ్గా ఉంచుకోవడం. తొమ్మిదో నెలలో నొప్పులు రావాలని ఆముదం తాగించబోతారు, తాగకు, విరేచనాలు పట్టుకుంటాయి. ప్రైవేటుకే వెళ్లేట్టయితే "ఏ కారణాలకు ఆపరేషన్ చేస్తారు, రాత్రి పూట మత్తు డాక్టరు ఉంటారా, రక్తం ఎక్కడి నుంచి తెస్తారు" అని మొహమాటం లేకుండా ముందే అడగండి. అడిగితే విసుక్కునే చోట పేరు రాయించొద్దు.

ఇవి మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి, మీ అత్తగారికి ముఖ్యంగా, ఎందుకంటే పగలు నీతో ఉండేది ఆవిడే. సాయంత్రానికి పాదాలు వాయడం మామూలు, పొద్దున లేచేసరికే ముఖం, చేతులు ఉబ్బితే బీపీ చూపించాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే రేపటిదాకా ఆగొద్దు, బీపీ 140/90 అయినా దాటినా ఆసుపత్రికే. ఏ కొంచెం రక్తం కనపడినా, జ్వరం, చలి వచ్చినా అంతే. బిడ్డ కదలికలు నీకు ఈపాటికి చేప పిల్ల తిరిగినంత తెలుస్తూ ఉండొచ్చు, తొలిచూలుకి ఒకటి రెండు వారాలు ఆలస్యమైనా కంగారు లేదు, ఏడో నెల దాటాక మాత్రం రోజూ ఉండే కదలిక తగ్గిందనిపిస్తే ఆ పూటే వెళ్లాలి. కదలకుండా కూర్చుంటే గుండె దడదడలాడినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా అది రక్తం బాగా పడిపోయిన గుర్తు, అప్పుడు మాత్రలకు టైం లేదు. బండి లేకపోతే 108. మీ అత్తగారు చెడ్డావిడ అనిపించడం లేదు నాకు, చెకప్‌కి ఆటోలో తోడు వస్తున్నావిడ, ఎవరో చెప్పిన మాట పట్టుకున్నారంతే. డాక్టరమ్మ చేత ఆవిడకే చెప్పించు, "రాత్రి మాత్ర వేసుకుందో లేదో మీరు చూడాలి పెద్దమ్మా" అని ఆ పని ఆవిడకే అప్పగిస్తే నువ్వు మరిచిపోయినా ఆవిడ మరవరు. కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు ఐరన్ కొనసాగించాలి, బాలింతవని ఆకుకూరలు, నీళ్లు తగ్గించే పథ్యాలు ఎవరైనా మొదలుపెడితే అప్పుడు మళ్లీ రాయి, దానికి వేరే సమాధానం ఉంది.

స్కూటీ ఇప్పటికి పక్కన పెట్టు. గర్భానికి స్కూటీ నిషేధమని కాదు, 8.6 రక్తంతో ఎండలో, లారీల మధ్య కళ్లు తిరిగితే పడతావని. రక్తం పెరిగాక కూడా పొట్ట హ్యాండిల్‌కు అడ్డొచ్చేదాకానే, దగ్గర దూరాలకే, హెల్మెట్‌తో.